చిక్కడపల్లిలో దొరికిన అడవి దాల్చిన

నలభై మంది చుట్టాలు బంతిలో కూర్చుని, వేడివేడి బగార అన్నం వాసనకు అరకన్నులు మూసుకున్న శుభ ఘడియలో "విషం! విషం!" అని అరుస్తూ లోపలికి దూకిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ మహాతల్లిని నేనే.

అప్పుడు నేను ఎమ్మెస్సీ బోటనీ చివరి ఏడాదిలో ఉన్నాను. అశోక్‌నగర్‌లో అనసూయమ్మగారి ఇంట్లో, మేడ మీది గదిలో కిరాయికి ఉండేదాన్ని. మా వీధిలో అందరూ సర్కారు నౌకరీ కోసం పరీక్షలకు చదువుతుంటే నేనొక్కదాన్నే చెట్ల పేర్లు బట్టీ పట్టేదాన్ని. నా ప్రాజెక్టు అడవి దాల్చిన చెట్ల వర్గీకరణ.

మన వంటింటి దాల్చినచెక్కకు అడవుల్లో బోలెడంత మంది అన్నదమ్ములున్నారండీ. బగారలో వేసే బిర్యానీ ఆకు కూడా ఆ వంశానిదే. గొడవల్లా ఏమిటంటే, అందరివీ ఒకే మొహాలు. నిగనిగలాడే ఆకు, మొదట్లోంచి కొసదాకా సాగే మూడు ఈనెలు. లేతాకు ఒకలా, ముదురాకు ఇంకోలా ఉండేసరికి పాతకాలపు పండితులు ఒకే చెట్టుకు రెండు మూడు పేర్లు పెట్టి చేతులు దులుపుకున్నారు. అసలు తేడా తేలాలంటే మిరియమంత పువ్వును భూతద్దం కింద పెట్టి, లోపల పుప్పొడి తిత్తులు ఎన్ని బుల్లి తలుపులతో తెరుచుకుంటాయో చూడాలి.

"ఆకొక్కటే చూసి చెట్టుకు పేరు పెట్టడమంటే చెప్పులు చూసి పెళ్ళికొడుకును ఖాయం చేసుకోవడమే" అనేవారు మా గైడు. నేను భక్తిగా తలూపేదాన్ని. తల ఊగింది గానీ లోపలికి ఏమీ దిగలేదు.

ఒకరోజు పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి నడిచి వెళ్తుంటే, సందులో ఒక పాత ఇంటి ప్రహరీ మీదుగా ఒక కొమ్మ తొంగిచూసింది. నిగనిగలాడే ఆకులు. ఒక్కో ఆకుకీ స్పష్టంగా మూడు ఈనెలు! నా గుండె ఆగి, మళ్ళీ రెట్టింపు వేగంతో మొదలైంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చన. ప్రాజెక్టుదానికి లోకమంతా దాల్చిన.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లయ్య కూర్చున్నాడు. పాలమూరు మనిషి.

"అన్నా, ఈ చెట్టేంది?"

"ఏమో అక్కా. మేమొచ్చిన కాడికెల్లి గిట్లనే ఉన్నది. మేకలు గూడ ముట్టయ్ దీన్ని."

తెలివైనవాళ్ళు అక్కడే ఆగిపోయేవారు. నేను మాత్రం "మేకలకే తెలియని జాతి! అంటే శాస్త్రానికీ తెలియదు!" అని పొంగిపోయాను. కాయలు నిమ్మకాయంత ఉన్నాయి. దాల్చిన కాయ చిటికెనవేలి గోరంత ఉంటుంది. అయితేనేం, కొత్త జాతికి కాయ కూడా కొత్తగానే ఉండాలిగా! నలిపితే సువాసన రావాలని పుస్తకంలో ఉంది. నాకేమో ఆ వారమంతా జలుబు, ముక్కులు సిమెంటు పోసినట్టు మూసుకుపోయాయి. అయినా శాస్త్రం నా ముక్కు కోసం ఆగుతుందా? "సువాసన ఉంది" అని రాసేసుకున్నాను.

ఒక పెద్ద కొమ్మ అడిగి తెచ్చుకుని, ఫొటోలు తీసి గైడుకు పంపాను. ఇంటికొచ్చేసరికి అనసూయమ్మగారు వరండాలో సామాన్ల జాబితా చూసుకుంటున్నారు. మర్నాడే ఆమె మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్లె పండుగ.

"బగారాకు మర్చిపోయిన చూడు" అన్నారు.

"ఎందుకు ఆంటీ కొనుడు? ఇదిగోండి! అడవి దాల్చిన. దునియాల ఎవ్వరూ తినలే ఇప్పటిదాకా!"

"గట్లనా బిడ్డా? అయితే గాడ పెట్టు" అన్నారామె, కొమ్మను ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి.

మర్నాడు మధ్యాహ్నం నేను నారాయణగూడలో ఒక ప్రింటింగ్ షాపులో ఉన్నాను. నా ఆవిష్కరణను ఫంక్షన్‌కు వచ్చినవాళ్ళకు చూపించాలని రంగుల చార్టు వేయిస్తున్నాను. అప్పుడు గైడు ఫోన్.

"ఆ కొమ్మ ఎక్కడిదమ్మా?"

"చిక్కడపల్లి సార్! కొత్త జాతే కదా సార్?"

"కొత్తదేం కాదు, అది విషముష్టి. దాల్చిన కుటుంబమే కాదు. మూడు ఈనెలున్నదల్లా దాల్చినైతే రేగాకు కూడా దాల్చినే! ఆకు, కాయ, గింజ అన్నీ విషమే. ఎవరూ నోట్లో పెట్టుకోలేదు కదా?"

"సార్... బగార..." అని ఫోన్ పెట్టేశాను.

అనసూయమ్మగారికి తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆటో ఎక్కితే ఫ్లైఓవర్ కింద ఇరుక్కుంది.

"అన్నా, జర జల్దీ! మనుషుల ప్రాణాలు!"

"అంబులెన్సుకే తొవ్వ ఇస్తలేరు, నీకెవరిస్తరక్కా?"

దిగి పరుగెత్తాను. ఒక చెప్పు తెగింది, చార్టు ఎగిరిపోయింది. దారంతా నలభై మంది చుట్టాలు వరసగా పడుకుని కనిపిస్తూనే ఉన్నారు. ఇంటి గుమ్మం దాటేసరికి వంటాయన మొదటి గరిటె వడ్డిస్తున్నాడు.

"తినకుండ్రి! విషం! విషం!"

అరుస్తూనే వెళ్ళి డేగ్చాను రెండు చేతులా తోసేశాను. నలభై మందికి వండిన బగార అన్నం పొగలు కక్కుతూ వాకిలంతా పరుచుకుంది. తర్వాత మొదటి వరసలోని తాత నాలుక బయటపెట్టి, "నేను ముందే అనుకున్న, ఏదో చేదు తగిలింది" అన్నాడు. ఆయన విస్తరిలో ఇంకా ఉప్పు తప్ప ఏమీ పడలేదు! పక్కనున్నాయనకు కాళ్ళు గుంజాయి. ఇంకొకావిడకు కళ్ళు తిరిగాయి. ఎవరో ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికారు.

అనసూయమ్మగారు మనుమరాలిని ఎత్తుకుని బయటికి వచ్చారు. "ఏందే బిడ్డా గీ లొల్లి?"

"ఆంటీ, నేనిచ్చిన ఆకు విషమంట! బగారల ఏసిండ్రు గదా!" భోరుమన్నాను.

ఆమె నన్ను, నేల మీది అన్నాన్ని, మళ్ళీ నన్ను చూశారు.

"వాసనే లేని ఆకును ఎవలన్న బగారల ఏస్తరా? నలిపి సూసిన, పచ్చి గడ్డి లెక్కనే ఉన్నది. కిరాణంల ఇంకోటి తెప్పించిన. నీ ఆకులు జర మెరుస్తున్నయని గుమ్మానికి తోరణం గట్టిన. నువ్వు దానికిందికెల్లే ఉరికొస్తివి గద!"

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. ఆకుపచ్చగా, మూడేసి ఈనెలతో, నా కొత్త జాతి గాలికి హాయిగా ఊగుతోంది. కాళ్ళు గుంజినాయన లేచి నిలబడి, "మటన్ అన్న మిగిలిందా?" అని అడిగాడు.

మటన్ మిగిలింది. దాన్ని పక్క సందులో కొనుక్కొచ్చిన రొట్టెలతో తిన్నారు. నేను ఎవరి మొహమూ చూడకుండా వాకిలి కడిగాను. కడుగుతూ, చేతిలో చీపురు పట్టుకుని, సర్వ వృక్షకోటి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఏ చెట్టుకు పేరు పెట్టాలన్నా, ముందు దాని పువ్వు చూస్తాను, తర్వాత కాయ కోస్తాను, ఆఖరున అనసూయమ్మగారి ముక్కు సంతకం తీసుకుంటాను.