సర్ఫరాజ్ చివరి గీత

రాయచోటి వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలకు కాళ్ళొస్తాయి. అలాంటి ఊళ్ళో కూర్చుని షాహీనా సముద్రానికి తప్పులు దిద్దుతుంది. ఆ సముద్రాన్ని ఆమె ఒక్కసారైనా చూడలేదు. నవ్వేవాళ్ళు నవ్వనీ, పని మాత్రం నిఖార్సైనది.

నీటి అడుగున కొండ ఉంటే అది నీళ్ళను తనవైపు లాక్కుంటుంది. అక్కడ సముద్రం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఉపగ్రహం పైనుంచి కొలుస్తుంది. ఓడలోని యంత్రం ఆ లాగుడునే నేరుగా కొలుస్తూ, వెళ్ళిన దారంతా ఒక గీతగా రాస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, పొసగని గీతల్ని సముద్రపు పటంలోంచి ఏరెయ్యడం ఆమె పని.

ఆ యంత్రాన్ని చూసుకునేవాడు ఆమె భర్త సర్ఫరాజ్. ఆమెకు పని నేర్పిందీ అతనే. పోయినేడు గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చప్పుడు చేసేది కంప్యూటరు ఒక్కటే.

ఒకరోజు అతని చివరి ప్రయాణపు గీత తెరమీదికి వచ్చింది. ఉపగ్రహం లెక్కకంటే మొదట్నుంచీ చివరిదాకా పద్నాలుగు పాయింట్లు ఎక్కువ. కడప ఆఫీసులో పై అధికారి శివలీలకు ఫోన్ చేసింది.

“అంతటా ఒకే తేడా ఉండాదంటే, రేవులో రీడింగు తీసుకోలేదన్నమాట,” అంది శివలీల. ఓడ కదిలేముందు, భూమి లాగుడు ఎంతుందో ముందే తెలిసిన రేవుగట్టున యంత్రాన్ని సరిచూసుకోవాలి. అది తప్పితే దారంతా అదే తప్పు. “ఎందుకు తీసుకోలేదో తెలిస్తే రాయి, సరిచేసి పెట్టుకుందాం. తెలీకపోతే కొట్టేయల్ల. మీ ఇంటాయనదని చూడలేం కదమ్మా.”

షాహీనా తేదీ చూసింది. బక్రీద్. ఓడ కదిలింది పొద్దున పదకొండుకు. పండక్కి రాలేదని పది నుంచి పదకొండు దాకా ఫోన్లో అతన్ని దులిపేసింది తనే. “పనుండాది, పెట్టేస్తా” అని అతను మూడుసార్లు బతిమాలాడు. పెడితే మళ్ళీ మాట్లాడనని బెదిరించింది. పాపం, పెట్టలేదు.

ఏడుస్తూనే కారణం గడిలో రాసింది: “రీడింగు వేళకు భార్య ఫోన్ పెట్టనివ్వలేదు.”

శివలీల వెంటనే ఫోన్ చేసింది. “ఇట్ల రాస్తే నలుగురూ చదువుతారు షాహీనా!”

“చదవనీ మేడమ్. జరిగిందదే. తప్పు ఆయనది కాదు.”

పద్నాలుగు తీసేసింది. గీత ఉపగ్రహం గీతమీద సరిగ్గా కూర్చుంది. పటంలో సర్ఫరాజ్ నిలిచాడు. ఆ మాట చెప్పాలని అలవాటుగా ఫోన్ తీసి, అతని పేరు దాకా వెళ్ళి ఆగిపోయింది.