మూత కింద రెమ్మ

చప్పిడి మాస్టర్‌ని మెచ్చుకున్నవాళ్ళు ఆ ఆసుపత్రిలో ఇంతవరకు పుట్టలేదు. తిట్టినవాళ్ళకు మాత్రం కొదవ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆయన వండి పంపేది గుండె బలహీనమైనవాళ్ళకీ, కాళ్ళకు నీరు పట్టినవాళ్ళకీ, డాక్టరు ఉప్పు మానెయ్యమన్న ప్రతివాళ్ళకీ. అసలే వాళ్ళకు ప్రాణం విసిగి ఉంటుంది. డాక్టర్ని తిట్టలేరు, జబ్బుని తిట్టి లాభం లేదు, ఇక మిగిలింది వంటవాడే. తనకూ ఒక పేరుందనీ, హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా వినబడదనీ ఆయనే నవ్వుతూ చెబుతాడు.

ఆయన వంటగది ఆసుపత్రి వెనక, లాండ్రీకీ జనరేటర్ గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. రెండు పొయ్యిలు, ఒక బల్ల, గుమ్మానికి ‘లోపలికి ఉప్పు తేరాదు’ అని రాసిన అట్ట. ఆయన రోగుల్ని చూడడు, రోగులు ఆయన్ని చూడరు. మధ్యలో రాయబారం నడిపేవి ప్లేట్లే. భోజనాలయ్యాక ట్రాలీ తిరిగొచ్చి, గిన్నెలు కడిగే అక్క కిటికీ దగ్గర ఆగుతుంది. అక్క నీళ్ళ కింద పెట్టేలోపు ప్రతి ప్లేటూ మాస్టర్ చూడాలి. ఏ మంచంవాళ్ళు ఏం తిన్నారు, ఏం వదిలారు, ఏది చెంచాతో పక్కకు నెట్టి మూలకు చేర్చారు అన్నది ఆయనకు కావాలి.

“అలా గుడ్లప్పగించి చూస్తే ప్లేట్లు సిగ్గుపడతాయి మాస్టారూ, ఇలా తోసెయ్యండి,” అని అక్క రోజూ అంటుంది. ఆయన రోజూ వినడు.

ఈ ఉద్యోగం ఆయన ఏరి కోరి తెచ్చుకున్నది కాదు. ఆయనకో అన్నయ్య ఉన్నాడు, పదిహేనేళ్ళు పెద్ద. తండ్రి లేని ఇంట్లో తమ్ముణ్ణి పెంచిందీ, చేతికి గరిటె ఇచ్చిందీ ఆ అన్నయ్యే. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఆయన్ని అందరూ పెద్ద మాస్టర్ అనేవాళ్ళు. కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ నాలుక మాత్రం తప్పు చెప్పదు. ఒకసారి వాళ్ళు మూడు వందల మందికి విందు ఒప్పుకున్నారు. పెద్ద గిన్నెడు కూర తమ్ముడికి అప్పజెప్పారు. తమ్ముడు అందులో అన్నీ వేశాడు, ఉప్పు మరిచాడు. వడ్డించేదాకా ఎవరికీ తెలియలేదు. అంతమంది ఎదుటా పెద్ద మాస్టర్ గరిటె నేలకేసి కొట్టాడు.

“నీ చేతికి ఉప్పు తెలీదురా! ఇంకో పని చూసుకో!”

తమ్ముడికి తల తీసేసినట్టయింది. అన్న మాట ఏనాడూ జవదాటనివాడు కనుక నిజంగానే ఇంకో పని చూసుకున్నాడు. ఆసుపత్రిలో ఉప్పు లేకుండా వండేవాడు కావాలంటే వెళ్ళి చేరాడు. ఆ ఉద్యోగానికి అంతకు మించిన అర్హత ఇంకెవరికి ఉంటుంది చెప్పండి?

రాకపోకలు మానుకున్నారా అంటే అదేం లేదు. కష్టానికీ సుఖానికీ ఒకళ్ళ ఇంటికొకళ్ళు వెళ్ళేవాళ్ళు. కాని తమ్ముడు ఏం వండుతున్నాడని అన్న ఒక్కనాడూ అడగలేదు. ఎవరైనా కదిపితే, “వంటైతే వంక పెడతాను. అది వంట కాదు కదా, ఏం పెట్టను?” అనేవాడు. ఆ మాట తమ్ముడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. తిడితే తుడుచుకుని పోవచ్చు. తిట్టడానికి కూడా తగనివాడని తేలిస్తే ఏం చేస్తాడు?

థైమ్ అనే సీమ మొక్క ఒకటి ఆయన దగ్గరకు చేరింది ఆరేళ్ళ కింద. ఎవరో రోగి కూతురు కుండీతో సహా వార్డుకి తెచ్చింది. వార్డులో మట్టి పనికిరాదని సిస్టర్ దాన్ని కిందికి పంపింది. పురికొసల్లాంటి సన్నటి కాడలు, జీలకర్ర గింజంత ఆకులు, నలిపితే వాముకు చుట్టమేమో అనిపించే వాసన. మాస్టర్ దాన్ని డాబా మీద పగిలిన సింకులో నాటాడు. ప్రేమకొద్దీ పూటపూటా నీళ్ళు పోశాడు. అది పసుపుబారి చచ్చేంత పని చేసింది. మధ్యలో జ్వరమొచ్చి పది రోజులు ఆయన డాబా ఎక్కలేదు. తిరిగొచ్చి చూస్తే మొక్క నిక్షేపంగా చిగుళ్ళేసి ఉంది. ఎండా, కాస్త కంకరా ఉంటే దానికి మన ఆప్యాయతతో పని లేదని అప్పుడు అర్థమైంది.

ఉప్పు లేని వంటకు ఆ ఆకు ప్రాణం పోస్తుందని ఆయన రెండు రోజుల్లోనే కనిపెట్టాడు. డైటీషియన్ అమ్మాయి పరవాలేదని చీటీ రాసిచ్చింది. ఆ సంబరంలో సూపులో గుప్పెడు వేసేశాడు. “దగ్గు మందు పోశారేంటి?” అని మూడో అంతస్తు నుంచి ఏడుగురు అడిగి పంపారు. వాళ్ళన్నదీ తప్పు కాదు, గొంతు పట్టేసినప్పుడు సిస్టర్ కూడా వచ్చి నాలుగు రెమ్మలు తుంచుకెళ్ళి వేడినీళ్ళలో వేసుకుని తాగేది. అప్పటినుంచి మాస్టర్ చెయ్యి ముడుచుకుపోయింది. చిటికెడు వేసేవాడు, అదీ తగిలీ తగలనట్టు. ఎవరూ మెచ్చుకోకపోయినా పరవాలేదు, తిట్టకపోతే చాలన్నట్టు వండుకుంటూ వచ్చాడు.

ఇలా ఉండగా పెద్ద మాస్టర్‌ని ఊపిరాడని స్థితిలో తీసుకొచ్చి మూడో అంతస్తులో, పదకొండో మంచం మీద చేర్చారు. గుండె నీరసించింది, కాళ్ళు దిమ్మల్లా వాచాయి. ఉప్పు రవ్వ కూడా తగలకూడదన్నారు.

మొదటి మూడు రోజులు పదకొండో మంచం ప్లేటు వెళ్ళింది వెళ్ళినట్టే తిరిగొచ్చింది. నాలుగో రోజు ఖాళీగా వచ్చింది. ఐదో రోజు కూడా, తుడిచినంత శుభ్రంగా. చప్పిడి మాస్టర్ గాల్లో తేలిపోయాడు.

“చూశావా అక్కా? మా అన్నయ్య తిన్నాడు! పెద్ద మాస్టర్ తిన్నాడు!”

“చూశాన్లెండి. కడక్కుండా దాచుకుంటారేంటి?” అంది అక్క నవ్వి.

ఆరో రోజు పొద్దున్నే సిస్టర్ దిగొచ్చింది, థైమ్ కోసం కాదు. “మాస్టారూ, మీ అన్నయ్యగారు రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగారు. అది ఒళ్ళు కాదు, నీరు. మీ గదిలో ఉప్పేమైనా తగులుతోందా? డాక్టరుగారు అడుగుతున్నారు. ఇంకోసారి ఊపిరి ఆడకపోతే మన చేతుల్లో ఉండదన్నారు.”

మాస్టర్ గుమ్మం మీది అట్ట వైపు చూశాడు. తన గదిలో ఉప్పు లేదు. ఆ ప్లేట్లు మాత్రం ఖాళీ అయ్యాయి. అంటే ఉప్పు పైనే, అన్నయ్య దగ్గరే కలుస్తోంది. ఇప్పుడే కనుక్కొస్తానని చెప్పి, ఆప్రాన్ కూడా విప్పకుండా మూడంతస్తులు ఎక్కాడు.

అన్నయ్య దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు ముఖం మీద ఉంది. దాని డబ్బా మాత్రం దిండు కింద నుంచి తొంగిచూస్తోంది.

“ఏరా, పొయ్యి వదిలి వచ్చావ్? మాడిపోవడానిక్కూడా అక్కడేం లేదా?”

“ఆ డబ్బా ఇటివ్వన్నయ్యా.”

పెద్దాయన దాన్ని బయటికి తీశాడు. తనే మూత తెరిచాడు. లోపల కాగితం మడిచిన చిన్న పొట్లం.

“ఎవరిచ్చారు నీకిది?”

“ఎవరివ్వాలిరా? యాభై ఏళ్ళుగా నా జేబులో ఉంటూనే ఉంది. ఎక్కడ తిన్నా సరిచూసుకుంటాను. ఇక్కడ మూడు రోజులు ఓర్చుకుని మరీ తీశాను.”

“చచ్చిపోతావన్నయ్యా!”

“నోటికి ఏమీ తెలీకుండా బతికి ఏం చెయ్యను?” అని ఆయన గొంతు తగ్గించాడు. “నీ మీద కోపం కాదురా. నువ్వు పంపేది వంటైతే వంక పెడుదును. అది వంట కాదు, అంతే.”

లాక్కోవడం పెద్ద పని కాదు. అన్న మణికట్టు ఇప్పుడు చిన్నపిల్లల చెయ్యంత ఉంది. కాని లాక్కుంటే ఇంకో పొట్లం ఇంకో చోట పుడుతుంది. అది ఆయన చేతిమీదుగా వదిలితేనే వదిలినట్టు.

“ఇవాళ మధ్యాహ్నం ఒక్క పూట, అది విప్పకుండా తిను. ట్రాలీ కిందికొచ్చాక కూడా నీకది కావాలనిపిస్తే, నేనే సిస్టర్‌కి చెప్పి తీయించేస్తాను. తర్వాత నన్ను ఎన్నైనా తిట్టుకో.”

అన్న డబ్బా మూసి మళ్ళీ దిండు కిందికి తోశాడు.

మెట్లు దిగుతుంటే మాస్టర్‌కి అన్న మీద కాదు, తన మీదే మండిపోయింది. ఇరవై రెండేళ్ళు తిట్లకు భయపడి వండాడు. భయపడి వండినదాన్ని వంట అనమంటే ఎవరంటారు? నేరుగా డాబా ఎక్కి, కత్తెరతో గుప్పెడు రెమ్మలు కోశాడు.

ఉల్లిపాయ ముక్కల్ని చెంచాడు నూనెలో, సన్నని సెగ మీద, ఎర్రబడేదాకా ఓపిగ్గా వేయించాడు. వెల్లుల్లి వేశాడు. థైమ్ ఆకు కొత్తిమీరలా సుకుమారం కాదు, మంటకు బెదరదు, ఉడికేకొద్దీ మెల్లగా బయటికొస్తుంది. కాబట్టి దాన్ని ముందే నూనెలో వేసి, ఆ తర్వాత కోడిమాంసం, బంగాళాదుంప, క్యారెట్ వేశాడు. దింపాక నిమ్మరసం పిండాడు. రుచి చూశాడు. బాగుంది. బాగుందని ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తనకు తానే చెప్పుకున్నాడు.

అయినా ఏదో వెలితి. మూత తియ్యగానే సగం భోజనం అయిపోవాలిరా అనేవాడు అన్నయ్య, హోటల్లో. ఇక్కడ ట్రాలీ మూడంతస్తులు ఎక్కేసరికి మూత కింద మిగిలేది స్టీలు వాసనే. ఆయన ఒక పచ్చి రెమ్మ తీసుకున్నాడు, వేళ్ళ మధ్య ఒక్కసారి నలిపాడు, పొగలు కక్కుతున్న కూర మీద పెట్టి మూత వేశాడు. పదకొండో మంచానికి మాత్రమే కాదు, ఆ పూట పంపిన పందొమ్మిది ప్లేట్లకూ అలాగే పెట్టాడు.

తర్వాత గంటన్నర ఆయన కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. ట్రాలీ చక్రాల చప్పుడు వినిపించేసరికి కిటికీ దగ్గరికి వెళ్ళలేక బల్ల పట్టుకుని నిలబడిపోయాడు.

“రండి మాస్టారూ,” అని అక్కే పిలిచింది. ఆ గొంతులో వేళాకోళం లేదు. “ఇది నేను ముట్టుకోలేదు.”

పదకొండో ప్లేటు. కూర లేదు. రెమ్మ అంచున ఉంది, ఒక్క ఆకు కూడా లేకుండా. వంట తెలిసినవాడు కాడను కొస దగ్గర పట్టుకుని, రెండు వేళ్ళతో కిందికి దూసి, ఆకంతా కూరలోకి రాల్చుకుని తిన్నాడు. ఆ కాడ పక్కన కాగితం పొట్లం. మాస్టర్ దాన్ని తీసి చూశాడు. మడత మడతగానే ఉంది, లోపల ఉప్పు అలాగే ఉంది.

కాగితం మీద పెన్సిలుతో, ముసలి చేతి వంకర అక్షరాలతో ఒక్క ముక్క రాసి ఉంది.

‘క్యారెట్ రెండు నిమిషాలు ఎక్కువ ఉడికింది.’

చప్పిడి మాస్టర్ అది చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. కళ్ళ నీళ్ళు ఆప్రాన్‌తో తుడుచుకుంటూ, “వంక పెట్టాడక్కా! మా అన్నయ్య వంక పెట్టాడు!” అన్నాడు.

అన్నది నిజమే. క్యారెట్ రెండు నిమిషాలు ఎక్కువే ఉడికింది.