సుడిమబ్బూ మా ఆవిడ రోకలీ

వైశాఖ మాసం, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ రోజుల్లో కొత్తగా అక్షరాలు నేర్చి, కనబడిన గోడ మీదల్లా సుద్దముక్కతో టైము రాసేవాణ్ణి. (నాకప్పుడు అరవై ఒకటి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన కొత్త. చదువులో మాత్రం పసివాణ్ణే.) ఫోనుతో మబ్బుల ఫొటోలు తీయడం నా పిచ్చి. ఉరిమితే చాలు, రాయగడ నుంచి గుడారి రోడ్డు మీద సైకిలేసుకుని పోయేవాణ్ణి. అంతకు ముందు ఏడాది ఒక ఉరుముల మబ్బు గానుగలా తిరగడం కళ్లారా చూశాను. ఫొటో అందలేదు. టీ కొట్లో మా బావమరిది పదిమంది ముందూ, "మబ్బు తిరగదు బావా, నీ తలకాయే తిరిగుంటాది," అన్నాడు. అప్పట్నుంచి ఆ కొట్లో నా పేరు తిరుగుడు బావ. ఆ పేరు చెరుపుకోవాలన్నదే నా పంతం.

ఆ మంగళవారం మబ్బు తనంతట తనే మా పెరటి వెనక కొండ మీదికి వచ్చింది. అడుగున తోకలా ఒక ముక్క వేలాడుతోంది. గడపలో నిలబడి ఫోనెత్తాను. సరిగ్గా ఎదురుగా మా ఆవిడ రోకలి పట్టుకుని పెరట్లోకి నడిచింది. గ్రహణానికి రోకలి నిలబెడతాం కదా, మబ్బుకీ అదే మందని ఆమె లెక్క. గాలికి అది పడిపోతుంటే తానే నిటారుగా పట్టుకుని నిలబడింది.

"పక్కకి తప్పుకోవే, ఫొటోకి అడ్డు."

"రేకులెగిరిపోతే నీ ఫొటో కప్పుకుంటావేటి? నువ్వూ వచ్చి ఒక సెయ్యెయ్యి."

"నానిక్కడ పన్లో ఉన్నాను."

(పనేం కాదు, భయం. వడగళ్లు మొదలయ్యాయి.) గడప దాటకుండా, నిలబడ్డ చోటు నుంచి కదలకుండా, నిమిషానికొకటి చొప్పున నాలుగు తీశాను. నాలుగింటిలోనూ నడిమధ్య ఆమే, రోకలే. ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి మబ్బు విడిపోయింది, రేకులు నిలిచాయి. "సూసేవా," అని ఆమె రోకలి తుడిచి మూల పెట్టింది.

మర్నాడు కొట్లో బావమరిది నవ్వడానికే ఫోను లాక్కున్నాడు. మొదటి ఫొటోలో తోక రోకలికి ఎడమన ఉంది. రెండోదాంట్లో రోకలికి సూటిగా వెనక. మూడోదాంట్లో కుడిన. నాలుగోదాంట్లో మళ్లీ ఎడమకే వచ్చింది. వాడు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. టీ చల్లారిపోయింది.

"మాయక్క అంగుళం కదల్నేదు," అన్నాడు చివరికి. "మబ్బే తిరిగింది బావా."

ఆ నాలుగూ కాగితం మీద వేయించి గోడకు తగిలించాను. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఇప్పటికీ గర్వంగా చూపిస్తాను. తుఫానును వేటాడాననుకున్న ఆ అరవై ఒక్కేళ్ల కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. అందుకే కింద నా చేత్తోనే ఉన్నదున్నట్టు రాశాను: ఆ రోజు పెరట్లో ఉన్నది మా ఆవిడ, రోకలి. గడప లోపల నేను.