కణాలకు పస్తు పెట్టిన సీసాలావిడ

మా పైవాటాలో ఉండే ఆవిడను వీధంతా సీసాలావిడ అంటారు. మందులు కనిపెట్టే ల్యాబులో ఇరవై రెండేళ్లుగా సీసాలు కడుగుతోంది, చిన్న పళ్లేల్లో పెంచే మనుషుల కణాలకు వేళకు మేత వేస్తోంది. కణాలకు మేతేమిటో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు కదా. అడగ్గా అడగ్గా ఒకరోజు మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"ప్రతి కణానికీ ఒంటి నిండా గుబ్బలుంటాయి పిన్నీ. గ్రాహకాలంటారు. కబురొచ్చి గుబ్బకు తగులుకుంటే పెరగమనో ఆగమనో లోపలికి హుకుం వెళ్తుంది. మా చెల్లికి ఒక రకం గుబ్బలు లెక్కకు మించి మొలిచాయి. పెరుగు, పెరుగు అని ఒకటే పోరు. అదే గడ్డయింది."

"ఆ నోరు మూయించే దారే లేదా?"

"ఆ గుబ్బకు అడ్డం కూర్చునే మందే మేం చేస్తున్నది. చెల్లి ఉండగా అందలేదు."

చెల్లి పోయాక ఆవిడకు ఒకటే పంతం, ఆ గుబ్బల అంతు చూడాలని. అలాంటి మందును ల్యాబు పెద్దాయన ఒక్క పూటలో అటకెక్కించాడు.

మందును పరీక్షించే ముందు కణాలకు ఒక రోజు పస్తు పెట్టాలట. మేతలో కలిపే రక్తపు తేటలోనే పెరగమనే రకరకాల కబుర్లుంటాయి. అవి అందుతుండగా మందు పని చేసిందో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ వారం పెద్దవాళ్లెవరో చూడ్డానికి వస్తున్నారని పెద్దాయన, "పస్తూ గిస్తూ అక్కర్లేదు, మేత వేసెయ్" అన్నాడు. ఏ పని మానేసినా చెప్పినవాళ్లు సంతకం చెయ్యాలని అక్కడి నియమం. ఆవిడ ఆ మాట దినపుస్తకంలో రాసి చాపింది, ఆయన చూడకుండానే గీకేశాడు.

కణాలు మందును లెక్కచెయ్యకుండా పెరిగాయి. వచ్చినవాళ్ల ముందు పెద్దాయన, "సీసాలు కడిగే చేతులకు కణాలను అప్పగిస్తే ఇంతే. శుభ్రత ఎక్కడిది" అన్నాడు. మందు మూలపడింది. ఆవిడను మేత పనిలోంచి తీసేశారు.

"ఏడ్చావా?" అన్నాను.

"ఏడిస్తే ఆయనకు పండగ. కాచుకుని కూర్చుంటా."

తొమ్మిది నెలలు కాచుకుంది. కొత్తగా చేరిన కళ్లజోడమ్మాయి చెవిలో అసలు సంగతి వేసింది. ఆ పిల్ల పస్తు పెట్టి అదే పరీక్ష మూడుసార్లు చేసింది. మూడుసార్లూ గుబ్బ నోరు మూసుకుంది.

ఏడాది సమావేశంలో ఆ పిల్ల లెక్కలన్నీ చూపించాక, సీసాలావిడ దినపుస్తకం తెచ్చి పెద్దాయన ముందు తెరిచింది. "కొంచెం చదివి పెట్టండి సార్, నాకు చత్వారం" అంది. "పస్తు లేదు, పెద్దాయన చెప్పారు" అని ఉన్నది చదివాడు. "కింద సంతకం ఎవరిదో కూడా చెప్పండి సార్."

"మొహం ఎలా పెట్టాడే?"

"రెండ్రోజులు పస్తున్న కణంలా."

మందు మళ్లీ పైకొచ్చింది. ఆవిడ చేతికి మేత పని వచ్చింది. క్షమించమని పెద్దాయన వరండాలో అడిగితే, వినపడనట్టు సీసాలు కడుగుతూనే ఉందట.

మొన్న సెలవు రోజున సంచి పట్టుకుని దిగుతుంటే మెట్ల దగ్గర ఆపాను. "కసి తీరింది కదే, ఇంకెక్కడికి?"

"ఆయన మీద తీరింది పిన్నీ. చెల్లి పోయేముందు ల్యాబుకిచ్చిన గడ్డ ముక్క ఉంది. ఆ కణాలింకా పళ్లెంలో బతికే ఉన్నాయి. చెల్లిని తినేసి, ఆ తొమ్మిది నెలలు తప్ప ఇన్నాళ్లూ నా చేత్తోనే మేత తిన్నాయి." సంచి భుజానికి సర్దుకుంది. "ఇవాళ వాటికి పస్తు. రేపు మందు."