తెర వెనక నా జవాబు

తొంభైల్లో, మల్కాపురంలో మా ఇంట్లోనే నా నికాహ్ జరిగింది. పెళ్లయితే వీధిలో ఆడపిల్లలకి ఖురాన్ చెప్పడం మానిపించేస్తారేమోనని నాకు లోపల ఒకటే భయం.

ఈ పెళ్లి ఇష్టమేనా అని అడగడానికి సాక్షులు నా ముందున్న తెర దగ్గరికొచ్చారు. పెళ్లికూతురు నోరు విప్పడం మావాళ్లలో అలవాటు లేదు, తల వంచితే ఒప్పుకున్నట్టే. అమ్మ చెల్లెలు, మా ఖాలా, నా మెడ మీద చెయ్యేసి తల వంచబోయింది. నాకు చదువంతా ఇంట్లోనే నేర్పిన మా అమ్మమ్మ, నానీ, ఆ చెయ్యి పట్టుకుంది.

"నీ పెళ్లి ఎప్పుడో అయిపోయింది కదే. మళ్లీ నువ్వెందుకు ఒప్పుకుంటన్నావ్?"

"పిల్ల మాట్లాడితే సిగ్గులేదనుకుంటారమ్మా."

"అల్లా ఇచ్చిన హక్కుకి సిగ్గేటి? దాన్ని అడిగారు, దాన్నే సెప్పనీ."

"పిల్లలకి పాఠం చెప్పుకోనిస్తే ఇష్టమే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సాక్షులు మొహమొహాలు చూసుకుని, వరండాలో ఉన్న పెళ్లికొడుకు దగ్గరికెళ్లారు. కాసేపటికి ఆయన మాట తెరదాకా వినబడింది. "దానికేం, మా చెల్లెలికి కూడా చెప్పమనండి."

అప్పుడు ఒప్పుకున్నానని చెప్పి, తల నేనే వంచుకున్నాను. ఖాలా చెయ్యి ఇంకా నానీ చేతిలోనే ఉంది. ఇప్పటికీ పాఠం మొదలుపెట్టే ముందు నానీ కోసం దువా చేస్తాను.