ఉడికిన బొమిక

తొంభై ఎనిమిది నవంబరులో, ఒక గురువారం మధ్యాహ్నం రెండుంబావుకు నేనూ రూబీ కొండ మీది సైనిక పోస్టుకు చేరాం. కింద రోడ్డు మీద మేం లారీ దిగింది ఉదయం తొమ్మిదికి. ఐదుంబావు గంటలు ఎక్కాం. పోస్టు ఎత్తు పదకొండు వేల అడుగులు. గాలి పడమటి నుంచి వీస్తోంది. మంచు మోకాలి లోతు. నా వీపున ఇరవై రెండు కిలోల బరువు. అందులో ఆరు కిలోలు రూబీవే: దుప్పటి, బ్రష్షు, రెండు గిన్నెలు, తాడు, మందుల పెట్టె. రూబీ నల్ల లాబ్రడార్, మూడేళ్ల ఆడకుక్క. మందుపాతర్లను వాసన పట్టడం దాని పని. దాని వెనక నడవడం నా పని.

గేటు దగ్గర సెంట్రీ రిజిస్టరు తెరిచి, కుక్క పేరు, వయసు, నంబరు రాసుకున్నాడు. నా పేరు అడగలేదు. "విత్ హ్యాండ్లర్", అంటే కుక్కను నడిపేవాడితో, అని రాసి మూసేశాడు. ఇది చిన్న విషయమని మా ఇంట్లో వాళ్లు అంటారు. నాకు ఇప్పటికీ చిన్నగా అనిపించదు.

ఆ కంపెనీలో మావైపు వాళ్లు ఇద్దరే. వంటవాడిది కుప్పం. వైర్‌లెస్ వాడిది మదనపల్లె. నేను బూట్లు విప్పుతుంటే వంటవాడు టీ మగ్గుతో బంకరులోకి వచ్చాడు.

"యా ఊరప్పా?"

"పుంగనూరు అవతల. పెద్దపంజాణి పక్కన పల్లె."

"అయ్యో, మనోడే! నాది కుప్పం. ఆ మూల సెట్టు పట్టుకోనుండేవాడు మదనపల్లె. వాడి దగ్గర టమోటా మాట ఎత్తొద్దప్పా, పొద్దు గుంకేదాకా ఇడిసిపెట్టడు."

వైర్‌లెస్ వాడు చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపి, "కుప్పం వాళ్లకు టమోటా రేటు తెలవదు, సినిమా టికెట్టు రేటే తెలుసు" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు వాళ్లు పెట్టిన పేరు కుక్కలప్ప. నవ్వుతూ పెట్టారు. నేను నవ్వలేదు.

కుక్కకు తిండి ఎలా పెట్టాలో కాగితం మీద ఉంటుంది. ఇంత మాంసం, ఇంత బియ్యం, కూరగాయలు, పాలు. అన్నీ కలిపి ఉడికించి రెండు పూటలా పెట్టాలి. కాగితం రాసినవాడు పదకొండు వేల అడుగుల మీద అన్నం వండి ఉండడు. అక్కడ బియ్యం పైకి ఉడికి లోపల పలుకుగా ఉంటుంది. మనుషులం నమిలాం. రూబీ మింగింది. డిసెంబరుకల్లా దానికి కడుపు పాడైంది. వచ్చినప్పుడు ఇరవై ఏడు కిలోలు. బంగాళాదుంపల కాటాలో తూచితే, జనవరిలో ఇరవై మూడున్నర.

రోజూ ఉదయం ఐదున్నరకు మేం కిందికి దిగాలి. నాలుగు కిలోమీటర్ల రోడ్డు. రూబీ ముందు, నేను పది గజాలు వెనక, మా వెనక ఆరుగురు జవాన్లు, వాళ్ల వెనక బండ్లు. కడుపు నొప్పితో ఉన్న కుక్కకు ముక్కు పనిచేయదు. దాని ముక్కు పనిచేయకపోతే మొదట పోయేది నా కాళ్లు.

మేకలు పోస్టుకు ప్రాణంతోనే వచ్చేవి. గురువారం గురువారం కోత. ఒక గురువారం నేను మా నాయన పద్ధతి మొదలుపెట్టాను. మాది గొర్రెల మంద ఉన్న ఇల్లు. మందలో వేటపోతును కోస్తే తొలి ముక్క కుక్కకే. పచ్చిదే, వేడి తగ్గకముందే, చేత్తోనే. "రాత్రంతా కాపలా కాసినోడు మొదట తినల్ల" అనేవాడు మా నాయన. మా కుక్కలు పదేళ్లు, పన్నెండేళ్లు బతికేవి. ఏ కుక్కకూ అన్నం వండి ఎరగం.

మెడ ముక్కలు, పక్కటెముకలు, గుండె. వారానికొకసారి కార్జం. సగం కడిగిన పొట్టపేగు. అన్నీ పచ్చివే. పురుగుల భయం ఉండకూడదని మాంసాన్ని ముందు మంచు గుంటలో కొన్నాళ్లు పాతిపెట్టి, తర్వాత కోటు లోపల పెట్టుకుని మెత్తబరిచేవాడిని. నా కోటు కంపు కొడుతోందని బంకరులో నా పక్కన ఎవరూ పడుకోలేదు. అదీ గుర్తుంది. పది రోజుల్లో రూబీ కడుపు కుదుటపడింది. మార్చిలో ఇరవై ఎనిమిది కిలోలు. ఏప్రిల్‌లో కల్వర్టు కింద దాచిన డబ్బా ముందు, వాసన తగిలిందని చెప్పే సైగగా, కూర్చుంది. బాంబు వాళ్లు వచ్చి తీశారు. ఆ సాయంత్రం అందరూ దాని తల నిమిరారు.

మేలో పశువైద్య అధికారి వచ్చాడు. పోస్టులో నలభై నిమిషాలు ఉన్నాడు. రూబీ గిన్నెలో పచ్చి పక్కటెముకలు చూసి, హిందీలో, అందరి ముందూ, "దీన్ని తోడేలును చేస్తున్నావా? నువ్వు అడవిలో పుట్టావా?" అన్నాడు. పళ్లు చూడండి సార్, బరువు చూడండి సార్ అన్నాను. చూడలేదు. పచ్చి మాంసం నిషేధం, ఉడికించినదే పెట్టాలి అని ఆర్డరు రాసి సంతకం పెట్టి దిగిపోయాడు. మా సుబేదార్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాగితం నా దగ్గర ఉంది. వంటింటి వెనక్కి నేను రాను" అన్నాడు. నేను పచ్చిదే పెట్టాను.

ఆగస్టులో నాకు అరవై రోజుల సెలవు వచ్చింది. రూబీ పరాయి చేతి తిండి ముట్టదు. శత్రువు విషం పెట్టకుండా ఆ కుక్కలకు అలా నేర్పుతాం. ముక్క ముందు పెట్టినా కూర్చుని, హ్యాండ్లర్ తల ఊపేదాకా ఆగుతుంది. కాబట్టి పది రోజులు వంటవాడిని నా పక్కన కూర్చోబెట్టి, వాడి చేత్తో తినిపించి, నేను తల ఊపాను. పదకొండో రోజు నేను లేకుండానే వాడి చేతిది తినింది. ఆ చేతిని దానికి ఇచ్చింది నేనే.

"పచ్చిదే పెట్టల్ల. ఉడకేయొద్దు" అని చెప్పాను. "మెడ ముక్క, పక్కటెముక, బొమికలతోనే పెట్టు."

"సరేప్పా. ఎన్ని తూర్లు చెప్తావు? బిడ్డను ఒప్పగించినట్ల చెప్తాండావే. వచ్చేటప్పుడు రాగి పిండి ఎత్తుకోనిరా. సంగటి తిని ఏడాదయింది నాకు."

సెలవంతా పల్లెలోనే గడిచింది. మా నాయన కుక్క గురించి అడిగాడు, నా గురించి తర్వాత అడిగాడు. ఐదు కిలోల రాగి పిండి మిల్లులో పట్టించి గుడ్డ సంచిలో కట్టుకున్నాను.

అక్టోబరులో తిరిగి వస్తూ కింద క్యాంపు నుంచి పోస్టుకు సెట్టులో మాట్లాడాను. అవతల మదనపల్లె గొంతు.

"నేనప్పా. రూబీ ఎట్లుండాది? ఓవర్."

"ఉండాదిలేప్పా. ఈడ లేదు. లోయలో పశువుల ఆసుపత్రిలో ఉండాది. నువ్వు వచ్చి సూడు. ఓవర్."

జరిగింది ఇది. అధికారి మళ్లీ తనిఖీకి వస్తున్నాడని సెట్టులో కబురు వచ్చింది. వంటవాడు భయపడ్డాడు. మాంసం ఉడికించాడు, బొమికలతో సహా. అదే గిన్నెలో వేశాడు. పచ్చి బొమిక కుక్క పంటి కింద నలుగుతుంది. ఉడికిన బొమిక గాజులా పగిలి సూదులవుతుంది. మా పల్లెలో గొర్రెలు కాసే పిల్లలకు కూడా తెలిసిన సంగతి. మూడో రోజు రూబీ నడుము వంచి నిలబడిపోయింది. ఐదో రోజు స్ట్రెచర్ మీద కిందికి దింపారు. పేగు కోసి కుట్టారు. అధికారి తనిఖీకి రానే లేదు.

ఆసుపత్రి కాంపౌండరు నన్ను పక్కకు పిలిచి, బయటికి తీసిన ముక్కలు తెల్లగా, పెళుసుగా ఉన్నాయని, అవి ఉడికినవేనని చెప్పాడు. రాసివ్వు అన్నాను. "నా చేతిలో లేదు" అన్నాడు.

విచారణ ఇరవై నిమిషాలు జరిగింది. బల్ల మీద మే నెల ఆర్డరు పెట్టారు. సుబేదార్ అప్పటికే బదిలీ అయిపోయాడు. వంటవాడిని అడిగారు. వాడు గోడ వైపు చూస్తూ, "హ్యాండ్లర్ చెప్పినట్టే పెట్టినాను సాబ్" అన్నాడు. అంతే. ఉడికించానన్న మాట వాడు చెప్పలేదు, వాళ్లు అడగలేదు. నేను లేచి చెప్పబోతే కూర్చోమన్నారు. "ఆదేశాలకు విరుద్ధంగా పచ్చి ఎముకలు పెట్టడం వల్ల" అని నా కాగితాల్లో ఎర్ర సిరాతో ఎక్కింది.

ఆ సాయంత్రం ఐదు కిలోల రాగి పిండి తీసుకెళ్లి, వంటవాడు చూస్తుండగా, లోయలోకి పోశాను. గాలికి సగం వెనక్కి వచ్చి నా కోటు మీదే పడింది.

రూబీ బతికింది. కానీ వెనక కాళ్లలో బలం రాలేదు, కొండ ఎక్కలేకపోయింది. బోర్డు కూర్చుని పనికిరాదని తేల్చింది. ఆ రోజుల్లో పనికిరాని కుక్కను సూది వేసి చంపేసేవారు. ఇంటికి ఇమ్మని అర్జీ పెట్టాను. మాకు మంద ఉంది, నాయన ఉన్నాడు, తిండి నాది అని రాశాను. అలాంటి నిబంధన లేదని జవాబు వచ్చింది. ఆ సూది వేసిన ఉదయం సంగతి చివర చెబుతాను.

రెండు వేల మూడులో రిటైరై పుంగనూరు వచ్చాను. అప్పటినుంచి రాస్తూనే ఉన్నాను. రూబీ తిరిగి రాదని తెలుసు. నాకు కావలసింది ఒక్క మాట మారడం. "పచ్చి" అన్నచోట "ఉడికిన" అని ఉండాలి. పదకొండు అర్జీలు పెట్టాను. నాలుగింటికి జవాబు వచ్చింది, నాలుగూ ఒకే జవాబు. "చచ్చిన కుక్క కోసం ఇంకా కొట్లాడతాండాడు" అని బస్టాండులో నా వెనక అంటారు. ఎవరెవరు అన్నారో నాకు తెలుసు.

ఈమధ్య ఒకసారి మదనపల్లె వెళ్తే వైర్‌లెస్ వాడు నన్ను కుక్కల తిండి అమ్మే ఒక కొత్త అంగడికి తీసుకెళ్లాడు. గాజు తలుపు ఫ్రిజ్‌లో పచ్చి మాంసం, పచ్చి బొమికలు, కవర్లలో. మీద కుక్క బొమ్మ. కుక్కలకు ఇదే సహజమైన తిండి అని అంగడి కుర్చీలో కూర్చున్న యువకుడు నాకు పాఠం చెప్పాడు. ఉడికించిన ఎముక మాత్రం పెట్టకూడదు అంకుల్, ప్రమాదం అన్నాడు.

"సూసినావా కుక్కలప్పా" అన్నాడు వైర్‌లెస్ వాడు. "నీ తప్పుకు ఇప్పుడు కవర్లు వచ్చినాయి."

వాడు ఓదార్పుగానే అన్నాడు. నేను ఆ రోజు వాడింట్లో భోజనం చేయలేదు.

మరుసటి వారం కుప్పం వెళ్లాను. వంటవాడు రైల్వే స్టేషను దగ్గర చిన్న మెస్ పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మూడు గంటలు. జనం లేరు. నన్ను చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టాను.

"రాయి. ఉడకేసినానని రాసి సంతకం పెట్టు."

వాడు కాగితం ముట్టుకోలేదు.

"రాగి పిండి లోయలో పోసినావు కదప్పా" అన్నాడు. "ఆ పొద్దు నేను ఏడ్చినా. నీకు తెలవదు."

"కాగితం మాట చెప్పు."

"ఉడకేసినా. కాదనలే. బొమికలు పెట్టమన్నది యారు? నువ్వు. ఉడకేయమన్నది యారు? వాళ్లు. నేను ఇద్దురి మాటా ఇన్నా. ఉడకేస్తే యాల కాదో నువ్వు చెప్పినావా నాకు? ఒక్క తూరన్నా?"

ఉడకేయొద్దు అని పదిసార్లు చెప్పాను. ఎందుకు వద్దో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. గొర్రెలు కాసే పిల్లలకు తెలిసిందే కదా, వీడికి తెలియదా అనుకున్నాను. వాడు రైలు పట్టాల పక్కన పెరిగినవాడు.

"మరి విచారణలో యాల నోరు మూసుకున్నావు?"

"బయమప్పా. అది నా తప్పే. దానికి నువ్వు ఎంత తిట్టినా పడతా. సంతకం మాత్రం పెట్టను. పింఛను ఉండాది, బిడ్డలుండారు." లేచి వెళ్లి ఒక కంచం తెచ్చాడు. సంగటి, బొమికల పులుసు. "తిని పో."

తినలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను. పలమనేరు దాకా ఆ పులుసు వాసన నా చొక్కాలోనే ఉంది. పన్నెండో అర్జీ ఇంకా రాయలేదు. వాడి ప్రశ్నను అందులో ఎక్కడ రాయాలో తెలియక ఆగిపోయాను. వాడిని క్షమించలేదు. నన్నూ క్షమించుకోలేదు.

ఇక ఆ ఉదయం. నన్ను ఏడుంబావుకు ఆసుపత్రికి పిలిపించారు. సూదికి ముందు మత్తు మాత్ర తినిపించాలట. వాళ్లు రెండు రోజులు ప్రయత్నించారు. ఉడికించిన అన్నంలో, పాలలో కలిపారు. రూబీ ముట్టలేదు. "నీ చేతి నుంచైతేనే తింటుంది" అన్నాడు కాంపౌండరు. ఏం పెట్టమంటారని అడిగాను. మేలో ఆర్డరు రాసిన అధికారే కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "అది తినేదే పెట్టు. పచ్చిదే పెట్టు" అన్నాడు.

మేక గుండె తెప్పించారు. ఒక ముక్క కోసి, మధ్యలో మాత్ర పెట్టి అరచేతిలో పట్టుకున్నాను. వెనక కాళ్లు వణుకుతున్నా రూబీ పద్ధతిగా కూర్చుంది. ముక్కను చూడలేదు. నా ముఖం చూసింది. నేను తల ఊపాను. పళ్లు తగలకుండా, ఎప్పటిలాగే, మెల్లగా తీసుకుంది. నా అరచేతిని శుభ్రంగా నాకింది.

తర్వాత మళ్లీ సరిగ్గా కూర్చుని, రెండో ముక్క కోసం నా ముఖంలోకి చూసింది.