రేపల్లె మిల్లులో నాన్న నడక

తక్కువ ఖర్చుతో తీసిన జాంబీ కామెడీలంటే నాకు ఇష్టం. కారణం అడిగితే చెప్పగలను. పెద్ద సినిమాలో శవం లేస్తే ఎలా లేపారో తెలియదు. తెలియనిదాన్ని నేను నమ్మలేను. చవక సినిమాలో అన్నీ కనిపిస్తాయి: విగ్గు అంచు, చెవి వెనక పూయడం మర్చిపోయిన రంగు, మీద పడి కొరికే ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునే శవం. భయపెట్టబోయి నవ్విస్తారు, అందులో మోసం ఉండదు. బాపట్లలో ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను పరికరాలు రిపేరు చేస్తాను. మూత తీసి లోపల చూడనిదే దేన్నీ బాగుందనను.

తెనాలిలో మా ఇంట్లో ఈ సినిమాలు నాతోపాటు చూసేది నాన్న. బస్సు కండక్టరుగా చేసేవాడు. పక్షవాతం వచ్చాక ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు, నోరు కూడా ఎడమ పక్క కాస్త జారింది. అప్పట్నుంచి పెళ్ళిళ్ళకి రాడు. ఫోటో అంటే మొహం తిప్పుకుంటాడు. గడ్డం కూడా అద్దం లేకుండానే గీసుకుంటాడు. వీటిలో నీకు ఏం నచ్చుతుందని ఒకసారి అడిగాను. "ఎవడికీ తొందర లేదురా," అన్నాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి ఆదివారాలు రేపల్లె పాసింజరు ఎక్కడం మొదలుపెట్టాడు. అక్కడ కాలికి వ్యాయామం చేయించే ఆయన దొరికాడట. నేను నమ్మలేదు. వైద్యానికి రేపల్లె వాళ్ళు తెనాలి వస్తారు గాని, తెనాలి వాళ్ళు రేపల్లె వెళ్ళరు. రెండోది, ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటనివాడు చిరిగిన చొక్కా ఏరి మరీ వేసుకెళ్తున్నాడు. మూడోది, కాలరు లోపల ఎర్రటి మరక. ఎవరో నాటుమందు పూస్తున్నారని అమ్మ భయపడింది. నేను వాసన చూశాను. రోజ్ మిల్క్‌లో కలిపే సిరప్.

మరుసటి ఆదివారం వెనక పెట్టెలో నేనూ ఎక్కాను. రేపల్లెలో నాన్న ఆటో ఎక్కితే నేను ఇంకోదాంట్లో వెనకే వెళ్ళాను. మూతపడిన ఒక రైసు మిల్లు ముందు దిగాడు. లోపల ఊక పోగుల మధ్య, మొహాలకి పిండి, చొక్కాలకి రక్తంలా ఎర్ర సిరప్ పూసుకున్న కుర్రాళ్ళు. స్టాండు మీద ఒక ఫోను. వాళ్ళు తీస్తున్నది జాంబీ కామెడీ. ఊళ్ళో సెల్ రిపేరు షాపు నడిపే కుర్రాడు డైరెక్టరు. తెనాలి స్టేషనులో నాన్న నడక చూసి అడిగాడట.

దాంతో నా అనుమానం వాళ్ళ మీదికి మళ్ళింది. ఇన్నాళ్ళూ మొహం దాచుకున్న మనిషిని యూట్యూబ్‌లో పెట్టి నలుగురూ నవ్వుకోడానికి తెచ్చుకున్నారు. డైరెక్టర్ని పక్కకి పిలిచి అడిగాను.

"కాలు చూసే తీసుకున్నారా?"

తడబడతాడనుకున్నాను. "అవునన్నా. మావాళ్ళు ఎంత ఈడ్చినా తాగొచ్చినట్టుంటది. బాబాయ్ గారు నడిస్తే నమ్ముతారు."

"నవ్వుతారు కూడా."

"నవ్వకపోతే మా పని అయిపోయినట్టే అన్నా."

అంత సూటిగా చెప్పేసరికి నాకు ఇంకా అనుమానం వచ్చింది. నాన్నని తీసుకెళ్ళిపోదామని కదిలాను. నన్ను చూసి నాన్న ఆశ్చర్యపోలేదు. వచ్చావు కదా, కూర్చో, షాట్ అయ్యాక మాట్లాడదాం అన్నాడు, కండక్టరు గొంతుతో.

షాట్ ఇది. శవం వేషంలో నాన్న వస్తుంటాడు. హీరో పారిపోవాలి. కానీ అది రావడానికి ఇంకా చాలా టైముంది కదా అని టీ తాగుతాడు, గ్లాసు కడుగుతాడు, ఫోనులో భార్యతో కూర గురించి గొడవ పెట్టుకుంటాడు. నాన్న వస్తూనే ఉంటాడు. గొడవ మధ్యలో భుజం మీద చెయ్యి పడుతుంది. నేను నవ్వాను. వెంటనే చుట్టూ చూశాను, మిగతావాళ్ళు దేనికి నవ్వుతున్నారో అని. పిండి పూసిన మొహాల్లో ఏమీ తెలియలేదు.

తర్వాత హీరో పారతో కొడితే నాన్న ఊకలో పడిపోయాడు. తెర మీద చచ్చినవాడు లేచి కెమెరా చూసి నవ్వాకే వెళ్ళాలని, లేకపోతే అరిష్టమని సినిమావాళ్ళకి ఒక ఆనవాయితీ. అందరూ ముందే చచ్చిన ఈ కథలో కూడా వీళ్ళు దాన్ని మానలేదు. నాన్న పడిపోయే షాట్ ఇదే మొదటిది.

"బాబాయ్ గారూ, ఒక్కసారి నవ్వండి," అన్నాడు డైరెక్టరు.

నాన్న లేచి కూర్చుని మొహం తిప్పుకున్నాడు. ఫోనులో రికార్డింగ్ నడుస్తూనే ఉంది. వదిలేయండి అనబోయాను. నాన్న ఒకసారి నా వైపు చూసి, ఫోను వైపు తిరిగి నవ్వాడు. కుడి పక్క పెదవి లేచింది, ఎడమ పక్క లేవలేదు. నేను ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాను. ఒకడు తల దించుకున్నాడు. జాలో, నవ్వు ఆపుకోవడమో తేల్చుకోలేకపోయాను.

"ఏదీ, చూపించు," అని నాన్న చెయ్యి చాపాడు. ఫోను తీసుకుని, ఆ నవ్వు దగ్గర వీడియో ఆపి, వేళ్ళతో పెద్దది చేసి, తన మొహాన్ని చాలాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ కుడి పక్కనుంచే తీయమన్నాను గాని, తప్పయ్యా," అన్నాడు. "ఎడమ పక్కనుంచి తీయండి. అటే భయమేస్తది. నడిచేది మళ్ళీ చేద్దాం."

స్టాండు అటు మార్చారు. నేను నిలబడ్డ చోటు ఫోనుకి ఎదురైంది. "అన్నా, మీరు ఫ్రేములో పడుతున్నారు," అన్నాడు డైరెక్టరు. నేను ఊక పోగు వెనక్కి జరిగాను. అక్కణ్ణుంచి వాళ్ళందరి మొహాలూ కనిపిస్తాయి.